రచయితే అపరాధ పరిశోధకుడైతే: చారిత్రక మిస్టరీ నవల రాయడం ఎలా

చరిత్రలో నిజంగా జీవించిన ఒక ప్రసిద్ధ రచయితను అపరాధ పరిశోధకుడిగా నిలిపి నవల రాసే సంప్రదాయం ఇంగ్లీషులో బాగా వేళ్లూనుకుంది. 1996లో స్టెఫనీ బారన్ జేన్ ఆస్టిన్‌తోనూ, 2007లో గైల్స్ బ్రాండ్రెత్ ఆస్కార్ వైల్డ్‌తోనూ మొదలుపెట్టిన నవలలు వరుసగా వెలువడి తమ పాఠకులను తాము సంపాదించుకున్నాయి. తెలుగులో ఇలాంటి నవల రాయాలన్న కోరిక ఉన్నవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. డిటెక్టివ్ కథ నడపడమూ, చరిత్ర చదవడమూ మీకు కొంత తెలుసనే నమ్మకంతో, ఆ రెండింటినీ ఒకే మనిషి జీవితానికి ఎలా ముడివేయాలన్న విషయం మీదే ఇక్కడ నిలబడతాను.

అన్నిటికన్నా ముందు ఒక పరీక్ష పెట్టుకోండి. మీ మనసులో ఉన్న కథలోంచి ఆ రచయిత పేరు తీసేసి, అదే కాలానికి చెందిన మరో రచయిత పేరు పెట్టి చూడండి. కథ చెక్కుచెదరకుండా నడిచిపోతే, ఆ రచయిత మీ నవలకు అట్ట మీది బొమ్మగా తప్ప ఎందుకూ పనికిరాలేదన్నమాట. చిక్కుముడి విప్పే నేర్పు ఆ రచయిత నిజంగా నేర్చిన విద్యలోంచి, చేసిన ఉద్యోగంలోంచి, మనుషుల మాటను విన్న తీరులోంచి పుట్టాలి. తెలివైనవాడు కాబట్టి కనిపెట్టాడని చెబితే చాలదు, ఎందుకంటే తెలివైనవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఈ ఒక్క నియమం పట్టుకుంటే నవలలో మిగతా నిర్ణయాలు చాలావరకు వాటంతటవే తేలతాయి.

ఇది ఊహ కాదని చూపించే నిజమైన ఉదంతం ఒకటి ఉంది. ఇంగ్లండ్‌లోని గ్రేట్ వైర్లీ అనే పల్లెలో 1903లో రాత్రిపూట ఎవరో గుర్రాలనూ పశువులనూ కోసి చంపసాగారు. ఆ నేరం జార్జ్ ఎడల్జీ అనే యువ న్యాయవాది మీద పడింది. బొంబాయి నుంచి వెళ్లి అక్కడ క్రైస్తవ మతాచార్యుడిగా స్థిరపడిన ఒక పార్సీ ఆయన కుమారుడతను. ఏడేళ్ల కఠిన శిక్ష విధించారు. మూడేళ్లు గడిచాక, నిర్దోషి అన్న మాట లేకుండానే వదిలిపెట్టారు. తనకు న్యాయం చేయమని ఎడల్జీ ఆర్థర్ కానన్ డాయల్‌ను ఆశ్రయించాడు. ఇద్దరూ లండన్‌లోని ఒక హోటల్లో కలుసుకోవాలని అనుకున్నారు. డాయల్ కాస్త ఆలస్యంగా వచ్చాడు. ఎడల్జీ అప్పటికే అక్కడ కూర్చొని వార్తాపత్రిక చదువుకుంటున్నాడు. కాగితాన్ని కళ్లకు బాగా దగ్గరగా, కొంచెం వారగా పట్టుకొని ఉన్నాడు. పూర్తిగా రచనకే అంకితం కావడానికి ముందు డాయల్ వైద్యుడు, అందులోనూ కంటి వైద్యం చేసినవాడు. పలకరించేలోపే, ఈ మనిషికి దూరపు చూపు బాగా తక్కువని, చీకటి రాత్రి పొలాలకు అడ్డంపడి, రైలు పట్టాలు దాటి, కాపలా కాస్తున్న పోలీసుల కన్నుగప్పి పశువులను కోసి రావడం ఇతని వల్ల అయ్యే పని కాదని అతనికి తోచింది. 1907 జనవరిలో ఆ వాదనను పత్రికలో వరుస వ్యాసాలుగా రాశాడు. ఆ ఏడాది మే నెలలో ప్రభుత్వం ఎడల్జీకి క్షమాభిక్ష ఇచ్చింది గానీ నష్టపరిహారం మాత్రం ఇవ్వలేదు.

మన పనికి కావలసినదంతా ఆ హోటల్ దృశ్యంలో ఉంది. డాయల్ ఇక్కడ తన కథానాయకుడు షెర్లాక్ హోమ్స్‌లాగా సిగరెట్ బూడిద చూసి ఊరి పేరు చెప్పలేదు. తన పాత వృత్తి నేర్పిన చూపుతో ఒక రోగిని చూసినట్టు చూశాడు. ఆ చూపు మరో రచయితకు ఉండేది కాదు. అంతేకాక, ఫలితం కూడా సగమే దక్కింది. చరిత్రలో రచయితలు గెలిచినా ఇలా సగమే గెలుస్తారు. మీ నవల ముగింపు కూడా ఆ కొలతకు దగ్గరగా ఉంటేనే నమ్మబుద్ధి వేస్తుంది.

ఇక తెలుగులో ఎవరిని తీసుకోవాలి? ఒక్కరినే పట్టుకొని చెప్పడం మేలు కనుక గురజాడ అప్పారావును తీసుకుంటాను. 1862లో పుట్టి 1915లో మరణించిన గురజాడ విజయనగరంలో మహారాజా కళాశాలలో అధ్యాపకుడిగా, సంస్థానంలో శాసన పరిశోధకుడిగా పనిచేశారు. ఆనంద గజపతి మహారాజు కొలువుకు దగ్గరగా మెలిగారు. 1897లో మహారాజు మరణించాక ఆ కుటుంబ వ్యవహారాలను కూడా దగ్గరి నుంచి చూశారు. శాసనం చదివే మనిషి పనీ, నేరం పరిశోధించే మనిషి పనీ ఒకే తీరువి. చెరిగిపోయిన గీతలోంచి అక్షరాన్ని ఊహించాలి. ఊహించినదాన్ని వెంటనే నమ్మకూడదు. తేదీని మరో తేదీతో, పేరును మరో పేరుతో సరిచూడాలి. దానపత్రం ఎవరు పుట్టించారో, ఎందుకు పుట్టించారో అడగాలి. కవులు ఎందరో ఉన్నా ఈ ఉద్యోగం చేసిన కవి అరుదు. అందుకే పైన చెప్పిన పరీక్షలో గురజాడ నిలుస్తారు.

నేరం కూడా ఆ జీవితం చుట్టుపక్కలే దొరుకుతుంది. కన్యాశుల్కం నాటకం 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయింది. ఆ తొలి కూర్పుకు గురజాడ రాసిన ఇంగ్లీషు పీఠికలో ఒక జాబితా ప్రస్తావన ఉంది. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాలను మహారాజు లెక్క తీయిస్తే 1,034 తేలాయి. అందులో ఏడాది వయసు పిల్లల పెళ్లిళ్లు కూడా ఉన్నాయి. ఆ సంఖ్య దగ్గర ఆగి ఆలోచించండి. ఎవరో ఒక గుమాస్తా ఊరూరా తిరిగి, వీధి అరుగుల మీద కూర్చొని, ఏ ఇంటి పిల్లను ఎవరికి ఎంతకు ఇచ్చారో అడిగి రాసుకొని ఉంటాడు. చెప్పడానికి సిగ్గుపడిన ఇళ్లు ఉంటాయి. చెప్పినందుకు పొరుగువాళ్ల మీద పళ్లు నూరిన ఇళ్లు ఉంటాయి. తమ పేరు తీసేయమని బతిమాలినవాళ్లూ బెదిరించినవాళ్లూ ఉంటారు. అలాంటి గుమాస్తా ఒకడు ఒక అగ్రహారం చెరువులో శవమై తేలి, అతని చిట్టాపుస్తకంలో ఒక కాగితం మాత్రం చిరిగి ఉందనుకోండి. గుమాస్తా కల్పితం, అగ్రహారం కల్పితం, జాబితా మాత్రం నిజం. చారిత్రక మిస్టరీకి ఇంతకంటే గట్టి పునాది అక్కర్లేదు. నిజమైన నేరాన్ని ఎత్తుకొచ్చి రచయితకు అంటగట్టడం కంటే, నిజమైన పరిస్థితిలో కల్పిత నేరాన్ని పుట్టించడమే నాకు న్యాయంగా తోస్తుంది.

రాయడానికి కూర్చునే ముందు ఆ రచయిత జీవితానికి ఒక తేదీల పట్టిక తయారు చేసుకోండి. ఉత్తరాల మీది తేదీలు, దినచర్యల్లోని నమోదులు, ఉద్యోగం మారిన సంవత్సరాలు, జబ్బుపడిన రోజులు, ప్రయాణాలు అన్నీ ఒక్కచోట చేర్చాలి. మీకు కావలసింది ఆ పట్టికలోని ఖాళీలు. జేన్ ఆస్టిన్ ఉత్తరాల్లో 1801 మే నుంచి 1804 సెప్టెంబరు వరకు ఒక్కటీ మిగలలేదు. ఆమె ఉత్తరాలను అక్క కసాండ్రా చాలావరకు తగలబెట్టింది. కల్పనకు అలాంటి ఖాళీ అనువైన చోటు. గురజాడ విషయంలోనూ పత్రాలు మౌనంగా ఉన్న వారాలను వెతికి కథను అక్కడ ఇరికించండి. తేదీ తెలిసిన చోట ఆయనను మరో ఊరికి పంపించకండి. కథ కోసం తప్పనిసరై ఒక తేదీని జరిపితే, పుస్తకం చివర ఆ మాట ఒప్పుకోవాలి.

ఆ తర్వాత ఆ కాలపు పోలీసు, కోర్టు వ్యవస్థ తెలుసుకోవాలి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే కనుక కొంచెం వివరంగా చెబుతాను. మద్రాసు రాజధానిలో పోలీసు శాఖ 1859 నాటి చట్టంతో ఏర్పడింది. పల్లెలో శవం కనబడితే మొదట కదిలేది గ్రామ మునసబు, కరణం. ఆ తర్వాత హెడ్ కానిస్టేబుల్ వచ్చి నలుగురు పెద్దమనుషుల సమక్షంలో పంచనామా రాయిస్తాడు. వేలిముద్రల మీద ఆధారపడే పరిశోధన అప్పటికి లేదు. కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం 1897లో మొదలైంది, సాక్ష్య చట్టంలో వాటికి చోటు దొరికింది 1899లో. 1892లో జరిగే కథలో గురజాడ గాజుగ్లాసు మీద వేలి గుర్తులు వెతికితే నవల అక్కడే కూలిపోతుంది. విషం అనుమానం ఉంటే శరీర భాగాలను సీసాల్లో పెట్టి మద్రాసులోని రసాయన పరీక్షకుడికి పంపించాలి. 1892లో విజయనగరానికి రైలు లేదు. అంటే ఆ సీసాలు బండి మీద సముద్రతీరానికి వెళ్లి ఓడ ఎక్కాలి. జవాబు రావడానికి రోజులు గడుస్తాయి. ఆ ఆలస్యాన్ని ఇబ్బందిగా భావించకండి. పాఠకుడి ఉత్కంఠను పెంచడానికీ, దారిలో ఎవరైనా సీసాల ముద్ర మార్చి ఉండవచ్చన్న అనుమానం పుట్టించడానికీ అది మీకు దొరికిన అవకాశం.

1872 నాటి సాక్ష్య చట్టంలోని 25వ సెక్షన్ ఈ తరహా కథకు మరీ ముఖ్యం. పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదని అది చెప్పేది. మనకు అలవాటైన చివరి ఘట్టం ఎలా ఉంటుంది? అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, పరిశోధకుడు కథంతా చెప్పి, హంతకుడి వైపు వేలు చూపించగానే అతను ఇన్‌స్పెక్టర్ ముందు తల వంచుకొని ఒప్పుకుంటాడు. ఆ కాలపు వకీలు ఎవరైనా మర్నాడు ఉదయమే ఆ ఒప్పుకోలును కొట్టిపారేయిస్తాడు. కాబట్టి మీ గురజాడ నేరస్థుడి నోటి మాటను నమ్ముకోకుండా, మేజిస్ట్రేటు ముందు నిలబడే వస్తువును, పత్రాన్ని, సాక్షిని సంపాదించాలి. ఈ ఒక్క చట్టం పాటిస్తే కథ చివరి మూడో వంతుకు కావలసిన బిగువు దానంతటదే వస్తుంది.

ఆధారం ఎలా పుట్టించాలో ఒక దృశ్యంతో చూపిస్తాను. చనిపోయిన గుమాస్తా ఇంట్లో ఒక రాగిరేకు దొరికిందనుకుందాం. ఒక భూమిని విజయనగరాన్ని ఏలిన పూసపాటి వంశపు ప్రభువు ఒక కుటుంబానికి దానమిచ్చినట్టు, శక సంవత్సరం 1676, శ్రీముఖ నామ సంవత్సరం అని దాని మీద ఉంది. ఎదుటి పక్షం వకీలు పంచాంగం తెచ్చి లెక్క కడతాడు. శకానికి 78 కలిపితే 1754 వస్తుంది, ఆ ఏడాది పేరు భావ. శ్రీముఖ దానికి ముందు ఏడాది. కనుక రేకు నకిలీదని కోర్టు హాలంతా వినబడేలా చెబుతాడు. పాఠకుడు కూడా అలాగే నమ్ముతాడు. అప్పుడు గురజాడ నెమ్మదిగా ఆ వాదం చెల్లదంటారు. శాసనాల్లో శక సంవత్సరాన్ని గడిచిన ఏడాదిగా లెక్కించడం ఎక్కువే అయినా, నడుస్తున్న ఏడాదిగా లెక్కించడమూ ఉంది. ఒక ఏడాది తేడా ఉన్నంత మాత్రాన దానపత్రం అబద్ధం కాదు. ఆ మాటతో తాము గెలిచామని దాని సొంతదారులు ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఆయన రేకును ఇంకా కింద పెట్టరు. అంచు వెంట బొటనవేలితో మెల్లగా తడుముతూ పోతారు. సుత్తితో సాగగొట్టిన రేకు మందం ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా ఉంటుంది. ఈ రేకు నాలుగు వైపులా ఒకే మందంలో, యంత్రంలోంచి వచ్చిన సీమరాగిలా ఉంది. అక్షరాలు చెక్కినవాడు పాత రేకును చూసి జాగ్రత్తగా దించాడు, లోహాన్ని మాత్రం బజారులో కొన్నాడు.

ఈ దృశ్యంలో మీరు గమనించవలసింది వరుస. మొదటి ఆధారం తప్పుదారి. అది తప్పుదారి అని తెలియడానికి శాసన విద్య కావాలి. రెండో ఆధారం మొదటి నుంచీ పాఠకుడి కళ్ల ముందే ఉంది. కాకపోతే రేకు దొరికిన అధ్యాయంలోనే, దాన్ని అరచేతిలో పెట్టుకొని చూసిన పాత్ర చేత, అంచులు ఎక్కడా కోసుకుపోకుండా చదునుగా ఉన్నాయని ఒక్క మాట అనిపించి ఉండాలి. ఆ మాటను పాఠకుడు వినీ విననట్టు దాటిపోయేలా, అదే పేరాలో మరింత ఆసక్తికరమైన సంగతి ఒకటి పెట్టండి. పరిశోధకుడికి తెలిసినదంతా పాఠకుడికీ తెలియాలి. దాని అర్థం మాత్రం పరిశోధకుడికి ముందుగా తట్టాలి. ప్రత్యేక విద్య అవసరమైన ఆధారమైతే ఆ విద్యలోని నియమాన్ని కూడా ఎక్కడో ముందే, వేరే సందర్భంలో చెప్పి ఉంచడం రచయిత బాధ్యత. కళాశాలలో ఒక విద్యార్థికి పాత రేకు చూపిస్తూ, అది ఎలా తయారైందో గురజాడ రెండో అధ్యాయంలో వివరిస్తే, ఇరవయ్యో అధ్యాయంలో ఆ జ్ఞానం అక్కరకొస్తుంది.

కథ ఎవరు చెప్పాలన్నది తర్వాతి ప్రశ్న. బారన్ తన నవలలను దొరికిన దినచర్యలుగా మలిచి, ఆస్టిన్ చేతే చెప్పించి, సంపాదకురాలిలా కింద వివరణలు చేర్చింది. బ్రాండ్రెత్ వైల్డ్‌కు నిజంగా స్నేహితుడూ, తర్వాత ఆయన జీవితచరిత్ర రాసినవాడూ అయిన రాబర్ట్ షెరర్డ్‌ను కథకుడిగా ఎన్నుకున్నాడు. మన ఉదాహరణలో మొదటి దారి మూసుకుపోయింది. గురజాడ దినచర్యలు ఎక్కువగా ఇంగ్లీషులో రాసుకున్నారు. ఆయన తెలుగు దినచర్య దొరికిందంటే తెలిసిన పాఠకుడు మొదటి పేజీలోనే పుస్తకం మూస్తాడు. పైగా ఆయన గొంతును మూడువందల పేజీలు అనుకరించడం పెద్ద సాహసం. రెండో దారి మాత్రం అద్భుతంగా తెరుచుకుంటుంది, ఎందుకంటే గిడుగు రామమూర్తి ఉన్నారు.

ఇద్దరూ విజయనగరంలో చదువుకుంటూ స్నేహితులయ్యారు. వ్యావహారిక భాష కోసం తర్వాతి కాలంలో కలిసి పోరాడారు. గిడుగు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు, సొంతంగా శాసనాలు చదవడం నేర్చినవాడు, అడవిలో ఉండే సవరల భాష నేర్చుకొని దానికి పుస్తకాలు తయారుచేసినవాడు. ఆయన విజయనగరానికి ఊరికే వచ్చిపోలేరు. పర్లాకిమిడికి చిన్న రైలు వచ్చింది 1900లోనే. కాబట్టి ఇద్దరి మధ్య ఉత్తరాలు నడుస్తాయి. గురజాడ చూసినది రాస్తారు, గిడుగు చదివి ప్రశ్నలు వేస్తారు, ఆ ప్రశ్నల్లో ఒకటి ముడి విప్పుతుంది. సవర సాక్షి ఒకడు కోర్టులో చెప్పిన మాటను దుబాసీ మార్చి చెబితే, ఆ మోసాన్ని పట్టగలిగేది గిడుగు ఒక్కరే. ఇలాంటి తోడు ఉన్నప్పుడు కల్పిత సహాయకుడిని తెచ్చిపెట్టుకోవడం అనవసరం. అయితే గిడుగును గురజాడ గొప్పతనం చూసి నోరు తెరిచే మనిషిగా చేయవద్దు; ఆయన స్వయంగా మహా పండితుడు, పట్టుదల మనిషి. కొన్నిచోట్ల స్నేహితుడిని సరిదిద్దాలి, ఒక్కోసారి తానే ముందుండాలి.

భాష విషయంలో మీకు దొరికిన అదృష్టం ఏమిటంటే, ఆనాటి విజయనగరం వీధుల మాట ఎలా ఉండేదో గురజాడ నాటకమే వినిపిస్తుంది. దాన్ని నకలు కొట్టమని చెప్పడం లేదు. ఎవరు ఎవరిని ఎలా పిలుస్తారు, వకీలు గుమాస్తాతో ఏ మర్యాదతో మాట్లాడతాడు, విధవరాలైన ఆడపడుచు అన్నగారితో ఎంతవరకు మాట్లాడగలదు, హెడ్డు కనిష్టీబును చూసి పల్లెవాళ్లు ఏమని సంబోధిస్తారు అన్నది దాని నుంచి నేర్చుకోండి. కథనం సాఫీగా నడిచే ఇవాళ్టి తెలుగులో ఉంటే చాలు. సంభాషణలో మాత్రం ఆ కాలానికి లేని మాట ఒక్కటి కూడా దొర్లకూడదు. డబ్బు రూపాయలు, అణాలు, పైసల్లో ఉండాలి. రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు పైసలు. తేదీని గుమాస్తా ఇంగ్లీషు నెలల్లో చెబుతాడు, ఇంట్లో ముసలమ్మ తిథిలో చెబుతుంది. ఆ రెండింటి మధ్య పొరపాటును కూడా కథలో వాడుకోవచ్చు.

ఈ తరహా నవలల్లో నన్ను బాగా బాధించేది ఒకటుంది. రచయిత చూసిన నేరం నుంచే అతని గొప్ప రచన పుట్టిందని చూపించాలన్న ఆరాటం అది. గురజాడ కథలో ఒక మధురవాణి ఎదురవడం, ఒక గిరీశం చుట్ట కాలుస్తూ కనిపించడం, చివరి పేజీలో ఆయన కలం తీసుకొని నాటకం పేరు రాయడం ఎవరికైనా సులభంగా తడతాయి. అలా రాస్తే, ఏళ్ల తరబడి ఆలోచించి, తిరగరాసి, 1909లో నాటకాన్ని దాదాపు కొత్తగా మలిచిన మనిషి శ్రమను ఒక వారం రోజుల సంఘటనకు కుదించినట్టవుతుంది. ఆయన కల్పనాశక్తిని గౌరవించేవాళ్లు ఆ పని చేయకూడదు. నవలలో భోగం స్త్రీ ఉంటే ఆమెకు సొంత పేరు, సొంత ప్రయోజనం, సొంత భయం ఇవ్వండి. 1893 నాటికి మద్రాసులో నాచ్‌ల, అంటే భోగం స్త్రీల నాట్య ప్రదర్శనల, వ్యతిరేక ఉద్యమం నడుస్తోంది. ఆమె బతుకుతెరువు మీద దాని నీడ పడుతుంది. సంస్కర్తల వాదం ఆమె చెవికి ఎలా వినిపించిందో రాయగలిగితే, అది ఏ నాటకానికీ నకలు కాదు.

మహా రచయిత తప్పు చేయడానికి కూడా వీలుండాలి. న్యూయార్క్‌లో 1841లో మేరీ రోజర్స్ అనే యువతి శవం నదిలో తేలినప్పుడు, ఎడ్గార్ అలన్ పో ఆ ఉదంతాన్ని పారిస్‌కు మార్చి, పత్రికల వార్తలను మాత్రమే చదివి హంతకుడి ఆచూకీ చెప్పగలనన్న ధీమాతో కథ రాశాడు. అది విడతలుగా వెలువడుతుండగానే కొత్త సంగతులు బయటపడి, చివరి భాగాన్ని సవరించుకోవలసి వచ్చింది. మీ గురజాడకు కూడా తన వర్గం, తన చదువు, తన కొలువు వేసిన గంతలు ఉంటాయి. మహారాజు ఉప్పు తిన్న మనిషి ఆ కోటలోనే జవాబు దొరికే ప్రశ్నను ఎంతవరకు అడగగలడు? ఆ ఇరకాటాన్ని తప్పించకుండా రాస్తే పాత్రకు ప్రాణం వస్తుంది.

హంతకుడిని, లంచగొండి అధికారిని, అబద్ధపు సాక్షిని ఎప్పుడూ కల్పిత వ్యక్తులుగానే ఉంచండి. చనిపోయినవారి పరువుకు నష్టం కలిగించి, వారి కుటుంబీకుల మనసు నొప్పించాలన్న ఉద్దేశంతో రాసినది కూడా పరువునష్టం కిందికి రావచ్చని మన నేర చట్టం చెబుతుంది; అది ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలోని 356వ సెక్షన్‌లో ఉంది. చట్టం మాట పక్కన పెట్టినా, జవాబు చెప్పుకోలేని మనిషికి హత్య అంటగట్టడం తగని పని. కాపీరైటు విషయానికొస్తే, రచయిత జీవితకాలంలో వెలువడిన రచనలకు మరణం తర్వాత 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది కనుక గురజాడ బతికుండగా అచ్చయిన రచనలను మీరు స్వేచ్ఛగా ఉటంకించవచ్చు. మరణానంతరం తొలిసారి అచ్చయిన దినచర్యలకూ ఉత్తరాలకూ మాత్రం ఆ 60 ఏళ్లు అచ్చయిన నాటి నుంచి లెక్క. వాటి అనువాదాలకూ, సంపాదకుల వివరణలకూ వేరే హక్కులుంటాయి. పెద్ద భాగాలు వాడుకునే ముందు ఆ ప్రచురణ సంవత్సరం చూసుకోండి.

రాత పూర్తయ్యాక రెండు మూడు పేజీల రచయిత మాట పుస్తకం చివర చేర్చండి, ముందు మాత్రం వద్దు, ఎందుకంటే అది నవల గుట్టు విప్పుతుంది. ఏ మనుషులు నిజం, ఏ సంఘటన కల్పితం, ఏ తేదీని జరిపారు, శుల్క వివాహాల జాబితా గురించి పీఠికలో ఉన్నదేమిటి, చిరిగిన కాగితం మీరు పుట్టించిందేనా అన్నవి అందులో ఒక్కొక్కటిగా, దాపరికం లేకుండా రాయాలి. అచ్చుకు పంపే ముందు రాతప్రతిని విజయనగరం చరిత్ర తెలిసిన ఒకరి చేత, డిటెక్టివ్ నవలలు మాత్రమే చదివే మరొకరి చేత చదివించండి. మొదటి మనిషి తేదీల్లో తప్పు పడతాడు, రెండో మనిషి హంతకుడు ఎవరో ఏ పేజీలో ఊహించాడో చెబుతాడు. ఆ పేజీ పుస్తకం సగానికి ముందే వస్తే రాగిరేకు అధ్యాయం దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి.